తోకచక్రం

ముప్పై ఒక్క ఏళ్ళు సెగెడ్ వీధుల్లో ట్రామ్ నడిపాను.
నడిపానంటాను గానీ
తిప్పింది ఎన్నడూ లేదు.
కదిలించడం, ఆపడం, గంట కొట్టడం నా వంతు.
ఎటు పోవాలన్నది
నేను పుట్టకముందే ఎవరో నేలలో పాతిపెట్టారు.
రెండు దారులు చీలే చోట మాత్రం
వానలో దిగి, ఇనుపకడ్డీతో పట్టా నాలుకను
అటు నెట్టి మళ్ళీ ఎక్కేదాన్ని.
చుక్కాని అంటే నాకు తెలిసింది అంతే.

వీడ్కోలు నాడు డిపోవాళ్ళు గోడగడియారం ఇచ్చారు.
ఇక టైముతో నాకేం పని?
దాన్ని అమ్మి, పైన ఇంకాస్త వేసి
పసుపుపచ్చ విమానం కొన్నాను.
సరిగ్గా బారెడు రెక్క.
"తోకచక్రం మీరే అమర్చుకోవాలి" అన్నాడు అమ్మినవాడు,
కోటు గుండీ అంత చక్రాన్ని
కాగితంలో పొట్లం కట్టి ఇస్తూ.

నాకు తెలిసినట్టే చేశాను మొదట.
ఉక్కు తీగను చుక్కానికి సూటిగా బిగించాను,
ఇసుమంత కూడా కదలకుండా.
కాంక్రీటు బీటకి చక్రం ఒక్కసారి తట్టుకుంది,
లోపల సర్వో పళ్ళు పటపటా రాలాయి.

వెండెల్, తేనెటీగలు పెంచే వెండెల్,
పాడైన క్యాసెట్ ప్లేయరు పొట్ట విప్పి
వెంట్రుకంత సన్నని స్ప్రింగులు రెండు తీశాడు.
ఒకటి ఎడమకి, ఒకటి కుడికి.
"లాగి కట్టకు బొగ్లార్కా, వేలాడనీయకు.
చక్రానికి తగిలిన దెబ్బ ఇక్కడే ఇంకిపోవాలి,
సర్వో దాకా పోకూడదు."
ఒక కన్ను మూసి కీలు నిటారుగా ఉందా అని చూశాడు.
చక్రం నేలను తాకే చోటు కీలుకి కాస్త వెనక ఉండాలట:
చెయ్యి పట్టుకున్న పిల్లలా వెంట వస్తుంది.
ముందు పెట్టావో, దారి తనదే అంటుంది.

మరుసటి ఆదివారం
మిరప చేల పక్కన, పాత మందు విమానాల రన్‌వే.
వేలు ఇలా కదిపానో లేదో
తోక జాడించింది.
గిర్రున తిరిగి నావైపే ముఖం పెట్టి ఆగింది,
చివరి స్టాపులో చుట్టు తిరిగిన ట్రామ్‌లా.
"అందరూ దిగండి" అన్నాను, అలవాటుకొద్దీ.
వెండెల్ నవ్వలేదు. అతను జన్మంతా సైకిలు మనిషి.

వంగి, స్ప్రింగు కొక్కేలు తీసి
చక్రపు చేతికున్న చివరి రంధ్రాల్లో తగిలించాడు.
ఇప్పుడు చుక్కాని చేరెడు తిరిగితే
చక్రం గోరంత తిరుగుతుంది.
"స్టిక్ వెనక్కి పట్టు. తోకని నేలకి అదిమిపెట్టు. ఇక పోనీ."

పోనిచ్చాను.
ముక్కు ఎడమకి గుంజింది.
కుడికి కొంచెం, చాలా కొంచెం, చెప్పాను.
విన్నది.
అరవై ఏళ్ళు దాటాక
ఒక బండి పక్కకి నా మాట విన్నది.
నోట్లో ఏదో అనబోయి మర్చిపోయాను,
అప్పటికే తోక లేచింది.
తర్వాత చక్రాలన్నీ.

ఇక తోకచక్రానికి పనేం లేదు.
అయినా ఆ పైన
నేను చుక్కాని కదిపినప్పుడల్లా
ఆ గుండీ అంత చక్రం
వట్టి గాలిలో అటూ ఇటూ తిరుగుతూ ఉండే ఉంటుంది.
పని మానేసిన కొత్తలో
వంటింటి బల్ల కింద నా ఎడమకాలు
గంట పెడల్ కోసం ఇలాగే తడుముకునేది.

దిగేటప్పుడు రెండుసార్లు ఎగిరిపడింది.
ఒక స్ప్రింగు ఊడి గడ్డిలో ఎక్కడో పడింది.
మోకాళ్ళ మీద ఇద్దరం
పొద్దు వాలేదాకా వెతికాం.
చీమలు, ఎండిన మిరపగింజలు, ఎవరిదో పాత బోల్టు.
"పోనీలే" అన్నాడు వెండెల్, మోకాళ్ళు దులుపుకుంటూ,
"ఇంట్లో ఇంకో క్యాసెట్ ప్లేయరుంది.
అది ఇంకా పాడుతుంది గానీ."