ఏ నక్షత్రం?

రుయా ఆస్పత్రి వెనక బ్లాకు, రెండో అంతస్తు.
గులాబి రంగు పట్టించిన స్లైడు
లెన్సు కింద పెట్టాను.
చేతులన్నీ చాపుకున్న కణాలు
సర్వదర్శనం కంపార్ట్‌మెంటులో జనంలా
ఒకదాన్నొకటి తోసుకుంటూ.

రిపోర్టులో కొట్టాను: ఆస్ట్రోసైటోమా.
పక్కన చిన్న ఆస్టరిస్కు,
అడుగున సన్నక్షరాల్లో: గ్రేడు మూడు.

కిటికీ అవతల మునిలచ్చుమ్మ.
వి.కోట నుంచి పూలబండిలోనే వచ్చినట్టుంది,
కొంగుకి ఊదారంగు రేకులు రెండు.
"అంత పొడుగు పేరేంది సామీ, తెలుగులో చెప్పు."

మొదటేడు క్లాసులో విన్న గ్రీకు మాట
నాలిక మీదికి అదే వచ్చింది.
"చుక్కలాంటి కణం, అమ్మా.
నక్షత్రమని అర్థం."

వేళ్ల కణుపుల మీద ఏదో లెక్కబెట్టింది.
"ఏ నక్షత్రం?
మాయప్పది అనూరాధ.
శాంతి చేపిస్తే పోతాదా?"

డిజాస్టర్ అన్న మాట కడుపులోనూ
దారి తప్పిన చుక్క ఒకటుందని
నాకు తెలుసు.
చెప్పలేదు.
"తోటలో ఏమేసినారు?" అన్నాను,
మైక్రోస్కోపు దీపం ఆర్పుతూ.

"ఆస్టరు పూలు.
ఈతూరి ఇరగబూసినాయి.
కిలో పది రూపాయలకడిగినారు, ఇయ్యలా.
కోసేదానికి ఆయన లేడు గదా,
సగం చెట్టుకే ఎండిపాయ."

కవరు అందించాను.
కాగితం బయటికి తీసి
తలకిందులుగా పట్టుకుంది.
ఎటు తిప్పినా మారనిది
అందులో ఒకటే.
దాని మీద వేలు పెట్టి అంది:

"ఇది మటుకు తెలస్తా ఉండాది సామీ.
పువ్వు."