వెనక శబ్దం

మద్దిలపాలెంలో రెండో అంతస్తు,
ఫ్యాను కింద ల్యాప్‌టాప్, చల్లారిన టీ.
మొదటి వాక్యం కంపెనీ రాసిచ్చిందే:
"తలుపు వేసుకుని, ఎవరూ లేని గదిలో కూర్చోండి."

అవతల వాసుపల్లి ఎర్రయ్యమ్మ,
కూతురి ఫోను వంకరగా పట్టుకుని:
"గదేటమ్మా? ఉన్నదొకటే. అందులో ఏడుగురం.
నాను పడవలో కూకున్నాను.
ఒడ్డుకి లాగేసిన పడవ, ఎవులూ రారు. సెప్పు."

తెర మీద సగం ఆకాశం, సగం చెవి కమ్మ.

రెండో వాక్యం అడిగాను.
మీ దిగులుకి ఒకటి నుంచి పది దాకా ఒక అంకె?
"అంకేటి? కాటా ఏసిన వంజరమా?
ముల్లు గుచ్చుకున్నాదమ్మా, గొంతులో.
ముల్లుకేటి తూకం."

ఫారంలో ముల్లుకి గడి లేదు.
ఏడు అని వేశాను. సిగ్గేసింది.

"రోజుకో అరగంట మీకోసం మీరు..."
అంటుండగానే నవ్వింది.
నవ్వు అయిపోయాక చాలాసేపు ఏమీ లేదు.
నెట్ పోయిందనుకుని వైరు కదిపాను.
హలో, వినపడుతున్నానా?

నెట్ పోలేదు. ఆమె ఏడవడం లేదు కూడా.
ఏదో వింటోంది,
నాకు వినిపించనిదేదో.

అప్పుడు చూశాను, మూలన చిన్న బొత్తాం:
వెనక శబ్దం తొలగించబడుతోంది.
మూడు వారాలుగా ఆ యంత్రం
ఎంతో మర్యాదగా
సముద్రాన్ని తుడిచేస్తోంది.

నొక్కాను.

ఒక్కసారి గదినిండా జాలరిపేట:
అలలు, కాకులు, ఇంజను దగ్గు,
ఎవరో ఎవరినో వంశంతో సహా తిడుతున్న తిట్టు,
వాటి నడుమ
ఇన్నాళ్లూ నేను బోడిగా విన్న ఆమె గొంతు.

"ఇదే టయానికి ఆడి పడవ ఇంజను ఇనపడీది.
పది పడవలొచ్చినా నాకు తెలిసీది.
ఇప్పుడూ సెవి అటే ఎల్తాది.
మందేటైనా ఉంటే సెవికియ్యమ్మా,
మనసుకొద్దు."

నా దగ్గర మూడో వాక్యం ఉంది.
పన్నెండోది కూడా ఉంది.
శిక్షణలో మా టెక్కలి యాస మానిపించారు,
అందరికీ అర్థమయ్యే తెలుగు మాట్లాడమని.
చాలా ఏళ్లకి, మానేసిన ఆ నోటితోనే అడిగాను:

"ఆ ఇంజను ఎలగుండీదప్పా?"

ఫోను మొదటిసారి తిన్నగా నిలబడింది.
"టుక్కు టుక్కుమని వచ్చీది.
మజ్జిలో ఓసారి ఆగీది,
అలిగినట్టు."

ఏ గడిలో రాయాలో తెలీక
కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను:
టుక్కు టుక్కు. అలక. టుక్కు.

సమయం అయిపోతోందని తెర ఎర్రగా మెరిసింది.
ఎర్రయ్యమ్మ చూడలేదు.
అటు తిరిగి ఉంది.