కాకిలెక్క

మోమె కేటెల్సన్ ఇంటికి పోవాలంటే
ఆటు వేళ తెలిసుండాలి.
మోకాలి లోతు బురదలో రెండు గంటలు నడిచి
హల్లిగ్ మీద, మట్టిదిబ్బ మీద
ఆ ఒక్క ఇంటికి
ల్యాప్‌టాప్ నెత్తిన పెట్టుకుని వెళ్లాను.

అప్పటికే ఆయన నోటు పుస్తకాలు ఇరవై మూడు
నా దగ్గరున్నాయి.
పోటుకొకసారి, ఆటుకొకసారి
కొలగుంజ మీద నీరెక్కడుందో
పెన్సిలుతో, సెంటీమీటర్లలో.
పక్కన ఎప్పుడైనా ఒక మాట:
వాయవ్యపు గాలి. మంచు. గొర్రె ఈనింది.

హుసుమ్‌లో, మూడో అంతస్తు గదిలో
చలికాలమంతా వాటిని యంత్రానికి తినిపించాను.
గాలి, పీడనం, చంద్రుడి దూరం కలిపి.
గొర్రెను వదిలేశాను.

మొదట్లో అది
ఏ రోజు నీరైనా ఒకటే ఎత్తంది.
తర్వాత చంద్రుణ్ణి పట్టుకుంది.
చాలా ఆలస్యంగా, గాలిని.
మార్చికల్లా
తను చూడని రోజుల్ని కూడా
ఆరు సెంటీమీటర్ల తేడాలో చెప్పేస్తోంది.

ఒక్కచోట మొరాయించింది.
1979 ఫిబ్రవరి, తొమ్మిది రాత్రులు.
ఇవి సముద్రం రాసిన అంకెలు కావంది.
అంటే, అలా ఏమీ అనలేదు,
తొమ్మిదింటి పక్కనా ఎర్రచుక్కలు పెట్టింది.

ఎనభై ఆరేళ్ల మనిషిని
దొంగలెక్క రాశావా అని ఎలా అడగను?
టీ చల్లారేదాకా నీళ్లు నమిలాను.
ఆయనే స్క్రీను మీదికి వంగి
చుక్కల్ని వేలితో లెక్కపెట్టి
తొమ్మిదీ అయ్యాక నవ్వాడు.

"దొరికిపోయానన్నమాట.
ఆఫీసువాళ్లకే తెలీలేదు ఇన్నేళ్లూ.
ఆ వారం పిల్లాడికి జ్వరం.
నీళ్లు గడ్డకట్టి పడవ రాలేదు, డాక్టరూ రాలేదు.
పగలు గీసె చూసుకునేది, రాత్రి నా వంతు.
ఒళ్లో వాణ్ణి దించి గుంజ దగ్గరికి ఎలా పోను?
చీకట్లో కూర్చుని విన్నాను.
ఒడ్డు రాళ్లకి మంచుపలకలు
ఎంత పైన రాసుకుంటున్నాయో
ఆ చప్పుడును బట్టి వేశాను.
కాకిలెక్కే."

"పిల్లాడు?"

"వాడికేం, ఇవాళ కూడా
ఆ వైపు ఒడ్డుకి రాళ్లు పేరుస్తున్నాడు. యాభై దాటాయి."

పక్క రేవు పాత రికార్డు తెరిచి
అక్కడే, ఆయన ముందే పోల్చాను.
యంత్రం తప్పు ఆరు.
ఆయన చెవి తప్పు పదకొండు.
తొమ్మిది రాత్రులూ
నీటిని ఉన్నదానికన్నా ఎత్తుగానే రాశాడు,
ఒక్కసారి కూడా తక్కువ కాదు.
ఒళ్లో జ్వరం ఉన్నవాడికి
సముద్రం దగ్గరగా వినిపిస్తుంది కాబోలు.
దానికి నా పట్టికలో గడి లేదు.
పద్ధతి ప్రకారం ఆ రాత్రుల్ని తీసేసి
వేరే ఫైల్లో దాచాను,
గొర్రెతో పాటు.

"సరే, ఇక ముందు సంగతి చెప్పు," అన్నాడు.
2080 గీత తెరిచాను.
"అంకెలొద్దు. వంటింటి మెట్లలో చెప్పు."

మెట్లు ఐదు.
పెద్ద తుఫాను రాత్రి, మూడో మెట్టు, అన్నాను.
"తప్పకుండా?"
తప్పకుండా కాదు. పదింట తొమ్మిది పాళ్లు.

లేచి, పెన్సిలు వెతుక్కుని,
మోకాలు పట్టుకుని నెమ్మదిగా కూర్చుని
గీత గీశాడు.
నాలుగో మెట్టు మీద.
నేను దిద్దలేదు.

"బయల్దేరు, నీరు తిరుగుతోంది," అన్నాడు.
గోడ గడియారం ఎప్పుడో ఆగిపోయింది.
కిటికీ ఆయన వెనకుంది.