పట్టువిడుపు

నవంబరులో టుర్కులో
మూడున్నరకే పొద్దు మూత పడుతుంది.
హెల్కా గదిలో సూక్ష్మదర్శిని కింద మాత్రం
ఆవగింజంత వెలుగు మేలుకుని ఉంటుంది.
అక్కడొక గాజు కాలువ,
వెంట్రుక కన్నా కాస్త వెడల్పు.
దాన్ని కడిగివ్వడం నా పని, పదహారేళ్ళుగా.

కాలువ అడుగున తను ఒక పూత పూస్తుంది.
ఎముక లోపలి గోడల మీద
కణాన్ని కణం పట్టుకునే అణువులు.
వాటి పేర్లు కారు నంబర్లలా ఉంటాయి,
నేను కొక్కేలనే అంటాను.
హెల్కా దిద్దడం మానేసింది.

పంపు తిరుగుతుంది.
రక్త మూలకణాలు వస్తాయి,
నానిన సగ్గుబియ్యంలా, ఒక్కొక్కటీ.
ముందు దొర్లుతాయి.
ఒక కొక్కెం తగిలీ తగలక, జారి,
ఇంకోటి అందుకుని, అదీ వదిలి,
కదిలే బస్సులో మనిషి
కమ్మీ తర్వాత కమ్మీ మార్చుకుంటూ
వెనక సీటు దాకా పోయినట్టు.
ఎక్కడో ఒకచోట
ఏదో గుర్తొచ్చినట్టు ఆగుతాయి.
ఇక ఉడుం పట్టే.
ప్రవాహం రెట్టింపు చేసినా కదలవు.

ఎందుకక్కడే?
ఇరవై రెండేళ్ళు, మూడు గ్రాంట్లు,
ఒక విడాకుల కాగితం,
అన్నిటి అడుగునా పారుతున్నది ఈ ఒక్క ప్రశ్నే.

ఒకసారి కాఫీ చల్లారిపోయాక చెప్పింది.
ఇరవై నాలుగో ఏట తనూ దాత.
ఐదు రోజులు సూదులు,
గూడు వదలమని కణాల్ని బతిమాలే మందు.
నడుములో, తొడల్లో
లోపల్నుంచి ఎవరో తలుపులు బాదుతున్నట్టు
మూలుగ మూలిగింది.
ఆరోనాడు ఒక సంచీ నిండింది,
పలచని బీట్‌రూటు రసం రంగులో.
ఎవరికో చెప్పలేదు, తను అడగలేదు.
చేతి నరంలోకి వదిలితే చాలట,
ఎముక దాకా దారి వాటికి ఎవరూ చూపరు.
గుండె తిరిగి, ఊపిరితిత్తులు తిరిగి,
పరాయి మూలుగలో ఖాళీ గది
అవే వెతుక్కుంటాయి.
"ఈ అద్దె ఇంటికి నాకింకా అలవాటు కాలేదు," అంది,
కప్పు కడుగుతూ.

పోయిన సోమవారం
కొక్కేలన్నిటికీ తొడుగులు వేశాం.
ఒక్కటీ ఆగకూడదు.
విద్యార్థి యాల్మరి లెక్కపెట్టాడు:
వచ్చినవి ఆరువందల పదకొండు,
పోయినవి ఆరువందల తొమ్మిది.
"రెండూ దుమ్మే, తీసేద్దాం," అన్నాడు,
ఆకలి మీదున్నాడు పాపం.

హెల్కా వీడియో వెనక్కి తిప్పింది.
మళ్ళీ. మళ్ళీ.
మొదటిది దుమ్మే.
రెండోది వణికింది, సాగింది,
పట్టుకోవడానికి ఏమీ లేని చోట
సాలీడు పోగంత వేలు ముందుకు చాపి
ఏటికి ఎదురుగా కూర్చుంది,
పదకొండు నిమిషాలు.
ఆ తర్వాత, ఎవరూ తొయ్యకుండానే,
వేలు మడుచుకుని
వెళ్ళిపోయింది.

గదిలో పంపు చప్పుడొక్కటే.
యాల్మరి తన రొట్టె పొట్లం మళ్ళీ కట్టేశాడు.
హెల్కా నోటుబుక్కు తీసి
పాత ప్రశ్న కింద గీత గీసి రాసింది:
ఎందుకప్పుడే?
మేం ఇన్నాళ్ళూ పట్టునే లెక్కపెట్టాం.
విడుపుకి మా పట్టికలో గడి లేదు.

రాత్రి ఔరా నది దాటడానికి
పసుపు బల్లకట్టు ఎక్కాం.
ఒడ్డు నుంచి ఒడ్డుకి రెండు నిమిషాలైనా పట్టదు.
నీటి మీద మంచు పలకలు
ఒకదాన్నొకటి రాసుకుంటూ,
కాసేపు అతుక్కుంటూ, పోతున్నాయి.
మా ఇద్దరికీ మాటల్లేవు.

అవతలి రేవు తగిలింది.
టోర్‌స్టి గేటు తీసి
"రండి, చలి లోపలికొస్తోంది," అన్నాడు.
హెల్కా కదల్లేదు.
తడిసిన ఉన్ని చేతొడుగు
ఇనప కమ్మీకి గడ్డకట్టి అతుక్కుపోయింది.
నేనైతే లాగేసేదాన్ని,
నాలుగు పోగులు ఊడితే ఊడాయని.
తను వంగి,
కమ్మీకీ ఉన్నికీ మధ్య
నోటి ఆవిరి ఊదుతూ నిలబడింది,
అది వదిలేదాకా.