బొటనవేలు

ఎనుమాముల మార్కెట్ల ముప్పై ఏండ్లు
మిర్చి బస్తాలు తూకమేసిన దడువాయిని.
కాంటా ముల్లు అబద్ధమాడదు,
పళ్లెం కింద బొటనవేలు పెట్టేటోడే ఆడ్తడు.

మొన్న విచారణ సంఘంల లేచి నిలబడ్డ.

పోయినేడు ఇన్నాసయ్య కొడుకు
మెడల కండువాతోటి పూజకొస్తే
గుడిల రాజకీయమేందిరని బయటికి పంపిండ్రు.
ఈయేడు ఇంకో రంగు కండువా
ముందటి వరుసల కూసున్నది.
ఫాదరే శాలువా కప్పిండు.

కడుపుల బిడ్డ సంగతి వాళ్ల నాయకుణ్ణి అడుగుండ్రంటే
"అది ఆయన మనస్సాక్షి, పెద్దాయనా" అన్నరు.
వాళ్ల మీటింగుకు రానన్న నా మనస్సాక్షికి
తిరుగుబాటని పేరు వెట్టిండ్రు.
శ్రీసభ మాట కాదంటే స్వేచ్ఛ,
సంఘం ప్రెసిడెంటు మాట కాదంటే పాపం.
ఏ రాయితోటి తూస్తున్నరు?

ఎవ్వలు పలకలే.
ఫ్యాను కిర్రుమన్నది.
రాయప్ప చందాల పుస్తకం మూసిండు.

ఇంటికొస్తే మార్తమ్మ
బియ్యంల రాళ్లేరుకుంటనే అడిగింది:
"గా కండువా మనదైతే గిట్లనే లేస్తుంటివా?"

తాలు మిర్చి కోరు లెక్క
మాట గొంతుల పట్టుకున్నది.
మనోడు ఆ ఎలచ్చన్ల
పక్కూరోళ్ల మీద లేనిపోనియి చెప్తుంటే
ముందటి కుర్చీల నేనే,
జేబుల జపమాల తిప్పుకుంట.

శనివారం పాపసంకీర్తనానికి పోయిన.
జాలి అవుతల గదే ఫాదరు, గదే దగ్గు.
"చెప్పు, ఏం పాపం?"

"బొటనవేలు, ఫాదర్."

ఎవరిదని ఆయన అడగలే.
శానసేపు దగ్గు కూడ రాలే.