ఉప్పుటేటి ఒడ్డున

ఐతారం.
ఫజర్ అజా అయిపోయినంక
ఎనుక గేటు సప్పుడు గాకుండ తీసిన.
ఎనిమిది దాక ఈ ఇంట్ల నా పేరుతోని పనిలేదు.

బకాలా ముంగట షంసు సైకిల్.
ముందట ఇనుప బుట్ట,
బుట్టల నిన్నటి కొత్తిమీర కాడ ఒకటి,
నీళ్ల డబ్బాలు మోసి మోసి ఒక పక్కకు ఒరిగిన క్యారియర్.
తాళంచెవి సీటు కింద పెడుతనన్నడు.
పెట్టిండు.

నలభై మూడేండ్లు నాకు.
బీడీలు సుట్టిన, పసుపు కొమ్ములు ఉడకబెట్టిన,
పరాయి పిల్లలిద్దరికి వాళ్ల భాషల జోల పాడిన.
ఇదొక్కటి రాలె.
మా అన్న పోశెట్టి కత్తెర తొక్కుడు నేర్సుకునేటప్పుడు
ఎనుక పట్టుకొని ఉరికింది నేనే.
పట్టుకున్నోళ్లకు సైకిల్ రాదు,
ఉరుకుడొస్తది.

రస్ అల్ ఖైమాల ఏరు లేదు.
ఊరు నడుమ ఉన్న నీళ్లను వీళ్లు ఖోర్ అంటరు.
పక్క విల్లాల వంటజేసే భీమవరం మంగతాయారు మాత్రం
"ఉప్పుటేరే ఇది, మాకూ ఉందిలే" అంటది
పోయిన కమ్మ దొరికినట్టు.
నాకు పేరుతోని ఏం పని!
పొద్దున ఒక దిక్కు, మాపున ఒక దిక్కు పారేటి
నిలకడ లేని నీళ్లు.
నా హ్యాండిల్ అసొంటియే.

సల్వార్ కుడికాలుకు రబ్బరు బ్యాండు,
ఖుబ్జ్ సంచికి సుట్టి వచ్చిందే.
ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడల్ మీద.
రెండు పడవల మీద కాలు వద్దంటరు పెద్దలు.
వాళ్లు సైకిల్ ఎక్కనోళ్లు.

"కింద సూడకు దీదీ, ఎటు పోవాల్నో అటు సూడు"
అన్నడు షంసు, పోయిన వారం.
కిందనే సూసిన. కిందనే పడ్డ.
మోచెయ్యి గీరుకపోతే
మెట్ల మీద జారిన్నని మేడంకు జెప్పిన.
ఆమె మందు రాసింది.
అబద్ధమే ఎక్కువ మండింది.

ఇయ్యాల
ఒక కరెంటు స్తంభం.
రెండు.
గాలి తడిగుడ్డ లెక్క మొకానికి అతుక్కుంటున్నది.
బురదల నిలువుగ పొడుసుకొచ్చిన మడచెట్ల ఏర్లు
సాటల నిలబెట్టిన బీడీలోలె ఉన్నయి.
ఎంచబోయిన, పాత అలవాటు,
ఇరవై అయిదుకొక కట్ట,
బండి పాము నడక నడిచింది.
సాలు, ఎంచకు.

ఎనుకనుంచి బిగుతు బట్టలోళ్లు నలుగురు
గద్దల లెక్క దూసుకపోయిండ్రు.
ఒగడు "యల్లా, యల్లా" అన్నడు,
తిట్టిండో మెచ్చిండో.
నేను బెల్లు కొట్టిన. వాళ్లు పోయినంక కొట్టిన.

దారికి అడ్డం గాలం ఏసి కూసున్న ముసలాయన
నన్ను సూసి
కట్టెను పైకి లేపిండు, రైల్ గేటు లేపినట్టు.
ఆయన కోసం నేను బ్రేకు పట్టలేదు.
నా కోసం ఒక మనిషి లేసిండు!
అటెనుక స్తంభాలు ఎన్ని పోయినయో తెల్వది.

గుట్టల మీదికెల్లి పొద్దు వచ్చింది.
దారి అయిపోయింది.

మలుపుకొనుడు షంసు ఇంక నేర్పలేదు.
దిగిన. బండి ఎనుక చక్రం లేపి
మొండికేసిన పెయ్యను తిప్పినట్టు
ఇంటి దిక్కు తిప్పిన.
ఆడ్నే జరసేపు నిలబడ్డ.
నీళ్లు గుడ ఆగినయి, ఎటు పోవాల్నో తెల్వనట్టు,
తర్వాత మెల్లగ
సముద్రం దిక్కు మళ్లినయి.

ఎనిమిదింటికి గంజు తోముతుంటే
కాళ్లు ఇంక తిరుగుతనే ఉన్నయి.
చిన్నపిల్ల షేఖా వచ్చి
నా పిక్క మీద నల్ల గీత ముట్టి సూసింది.
"ఇదేంది?"
చైను గ్రీజు.
సబ్బు చేతుల్నే ఉన్నది.
కడుగలేదు.