తూము తలుపు

నంద్యాల చెక్‌పోస్టు దాటినాక, హైవే ఎక్కే మలుపులో
కొత్త దీపం.
రెప్పపాటు పచ్చ. ఒక్క బండి.
మళ్ళీ ఎరుపు.

ఉల్లిగడ్డల లారీలోంచి మద్దిలేటి తల బయటపెట్టి
"రోడ్డంతా ఖాళీగుంది కదప్పా, ఏమిటికి నిలబెడ్తివి?"

ఈడ ఆపితేనే ఆడ ఖాళీ, మద్దిలేటీ.
చెప్పినా, నా మాట హారన్లలో కలిసిపాయ.

మా నాయన కేసీ కెనాల్ లష్కరు.
తూము తలుపు జానెడే ఎత్తుతాండె.
పై చేన్లోళ్ళు తిట్టినారు,
ఒకడు గడ్డపార కూడా ఎత్తినాడు.
ఆ రాత్రి కొస మడిలోకి
నీళ్ళు జారిన చప్పుడు
ఆయనొక్కడే విన్యాడు.

నాలుగు సెకన్లు.
బీడీ అంటుకునేలోపే పచ్చ.
మద్దిలేటి పాయ,
తిట్టు మాత్రం నా కాడ దించేసి.